సూరత్ వలస పిల్లల చదువుకు మేలా, కీడా? ఐవీ పద్ధతితో తేల్చుకునే దారి

ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా "మా వాడు సూరత్‌లో ఉన్నాడు" అనే మాట వినిపిస్తుంది. గంజాం జిల్లా నుంచి మరమగ్గాల పనికి సూరత్ వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్నదే. ఆ డబ్బు వల్ల పిల్లలు బాగా చదువుకుంటున్నారని కొందరంటారు. తండ్రి ఇంట్లో లేకపోతే పిల్లాడు బడి మానేస్తాడని ఇంకొందరంటారు. రెండు మాటలకూ ఊళ్లో ఉదాహరణలు దొరుకుతాయి. ఎకనామిక్స్ ఎం.ఏ., పీహెచ్‌డీ చేసే పిల్లలు ఈ అంశం ఎంచుకున్నప్పుడల్లా ఒకే చోట ఆగిపోతారు. వలస వెళ్లిన ఇళ్లనూ వెళ్లని ఇళ్లనూ పోల్చి, వచ్చిన తేడానే వలస ఫలితంగా రాసేస్తారు. ఆ తేడా వలస వల్ల వచ్చిందా, వలసకు పంపిన పరిస్థితుల వల్ల వచ్చిందా అని గైడ్ అడిగితే జవాబు ఉండదు.

ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్, క్లుప్తంగా ఐవీ, ఈ చిక్కును విప్పడానికి పుట్టిన పద్ధతి. ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. ఇందులో వాడిన రూపాయల లెక్కలన్నీ పద్ధతి చూపించడానికి ఊహించుకున్నవి, ఏ సర్వేలోవీ కావు.

1. ప్రశ్నను బిగించండి

"వలస ప్రభావం" అనే మాట చాలా వదులుగా ఉంటుంది. కారణం ఏది, ఫలితం ఏది, ఏ ఏడాది, ఎవరి మధ్య పోలిక అన్నది ఒక్క వాక్యంలో రాయండి. మన వాక్యం ఇది: గత ఏడాదిలో కనీసం ఆరు నెలలు సూరత్‌లో పనిచేసిన మనిషి ఉన్న ఇంట్లో, ఆ మనిషి వెళ్లకుండా ఉండి ఉంటే పెట్టే ఖర్చుతో పోలిస్తే, ఒక్కో పిల్లవాడి చదువు మీద ఏడాదికి ఎంత ఎక్కువ లేదా తక్కువ ఖర్చవుతోంది?

"వెళ్లకుండా ఉండి ఉంటే" అన్న ముక్కను వదిలేయకండి. ఆ స్థితిని మనం ఎన్నడూ చూడలేం. ఐవీలో పడే కష్టమంతా దాన్ని అంచనా వేయడానికే.

2. మామూలు పోలిక ఎటువైపు తప్పుతుందో ముందే రాసుకోండి

వలస ఇళ్లలో పిల్లవాడి చదువుకు సగటున 5,710 రూపాయలు, వలస లేని ఇళ్లలో 6,110 రూపాయలు అనుకుందాం. 400 రూపాయలు తక్కువ. వలస చదువును దెబ్బతీస్తోందని చెప్పేయాలనిపిస్తుంది. కానీ సూరత్ బండి ఎక్కేది ఎవరు? పొలం లేనివాళ్లు, పెళ్లికో ఆస్పత్రికో చేసిన అప్పు తీరనివాళ్లు. వాళ్లు ఊళ్లోనే ఉండిపోయినా పిల్లల మీద తక్కువే ఖర్చు పెట్టేవారు. అంటే పేదరికం ఈ పోలికను కిందికి లాగుతోంది. మరోవైపు, పిల్లలు పైకి రావాలన్న పట్టుదల ఉన్న తండ్రే ముందుగా ఊరు దాటుతాడేమో. అది పోలికను పైకి నెడుతుంది.

భూమి ఎంత, కులం ఏది, తండ్రి చదువు ఎంత అన్నవి రిగ్రెషన్‌లో, అంటే ఒక్కో కారణం పాత్రను విడదీసి చూపే గణాంక లెక్కలో, కలిపితే కొంత సరిపోతుంది. అప్పు తాలూకు ఒత్తిడిని, పట్టుదలను ఏ కాలమ్‌లో నింపుతారు? కలపలేని కారణాలు మిగిలినంత వరకు ఆ 400 వలస ఫలితమని చెప్పడానికి వీల్లేదు.

ఈ చిక్కు మొదట ఎదురైంది సరుకుల ధరల దగ్గర. ధర, అమ్ముడైన పరిమాణం రెండూ గిరాకీ వల్లా సరఫరా వల్లా కలిసి కదులుతాయి కాబట్టి, వాటిని చూసినంత మాత్రాన గిరాకీ గీత, అంటే ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చూపే గీత, తెలియదు. 1928లో ఫిలిప్ రైట్ జంతు, వృక్ష సంబంధ నూనెల సుంకాలపై రాసిన పుస్తకానికి చేర్చిన అనుబంధంలో దీనికి దారి చూపించాడు. గిరాకీని తాకకుండా సరఫరాను మాత్రమే కదిలించే దాన్ని పట్టుకుంటే గిరాకీ గీత బయటపడుతుంది. ఆ అనుబంధాన్ని నిజంగా రాసింది ఆయనా, జన్యుశాస్త్రవేత్త అయిన కొడుకు సీవాల్ రైటా అనే అనుమానం చాలాకాలం ఉండేది. 2003లో స్టాక్, ట్రెబ్బి అనే ఇద్దరు రాత శైలిని గణాంకాలతో పోల్చి తండ్రే రాశాడని తేల్చారు.

3. ఇన్‌స్ట్రుమెంట్ వెతకండి, వచ్చినవాటిని కొట్టేయండి

మనకు కావలసింది వలసను కదిలించే ఒక బయటి కారణం. దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. దానికి మూడు షరతులు. ఒకటి, అది వలసను నిజంగా మార్చాలి. రెండు, అది ఏ ఊరికి తగిలింది అన్నదానికి ఆ ఊరి పేదరికంతో, పట్టుదలతో సంబంధం ఉండకూడదు. మూడు, అది పిల్లల చదువును వలస ద్వారా తప్ప మరే దారిలోనూ తాకకూడదు. మొదటి షరతును డేటాతో పరీక్షించవచ్చు. మిగతా రెండూ కంప్యూటర్ చెప్పేవి కావు, ఊరు తెలిసినవాళ్లు వాదించి నిలబెట్టాల్సినవి. అందుకే ఈ ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో పుట్టి పెరిగిన విద్యార్థికి ఈ పనిలో ఢిల్లీలో కూర్చున్న నిపుణుడి కంటే ఎక్కువ బలం ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక్కొక్కటిగా చూద్దాం.

తుపాను. అందరికీ ముందు తట్టేది ఇదే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడేలా చేసింది. తుపాను ఎవరిని కొట్టాలో చూసుకుని కొట్టదు, ఆ తర్వాత జనం వలస వెళ్తారు కూడా. రెండు షరతులు దాదాపు తీరినట్టే. మూడోది మాత్రం నిలువునా కూలిపోతుంది. తుపాను ఇంటి పైకప్పును, పంటను, బడి గోడను కూడా పడగొడుతుంది. తర్వాత సర్కారు సాయం, కొత్త ఇళ్లు వస్తాయి. ఇవన్నీ వలసతో పని లేకుండానే చదువు ఖర్చును మార్చేస్తాయి. కొట్టేయండి.

రైల్వే స్టేషన్‌కు దూరం. స్టేషన్ దగ్గరుంటే వెళ్లడం తేలిక, నిజమే. కానీ బరంపురం, ఛత్రపురం లాంటి స్టేషన్ల దగ్గరే కాలేజీలు, ట్యూషన్లు, సంతలు, ఉద్యోగాలు ఉన్నాయి. దూరం చదువును పది దారుల్లో తాకుతుంది. ఈ బాపతు ఇన్‌స్ట్రుమెంట్ మీద పేరున్న పనే ఉంది. 1995లో డేవిడ్ కార్డ్ అమెరికాలో కాలేజీకి దగ్గరగా పెరగడాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా తీసుకుని, చదువు వల్ల పెరిగే ఆదాయం మామూలు రిగ్రెషన్ చెప్పేదానికంటే 25 నుంచి 60 శాతం ఎక్కువని అంచనా వేశాడు. కాలేజీ ఉన్న ఊళ్లు ఇతరత్రా కూడా వేరుగా ఉంటాయి కదా అన్న అభ్యంతరం దాని వెంట ఇప్పటికీ నడుస్తోంది.

పాత బంధం. సూరత్‌లో పని దొరకాలంటే అక్కడ మన ఊరివాడు ఒకడు ఉండాలి. గది, మొదటి నెల తిండి, సేఠ్ దగ్గర మాట, అన్నీ అతనే చూసుకుంటాడు. కాబట్టి 1990కి ముందే ఊరి నుంచి ఎవరైనా సూరత్‌లో కుదురుకున్నారా అన్నది నేటి వలసను బలంగా కదిలిస్తుంది. ఇది పనికొచ్చే అవకాశం ఉంది. అలాగని సులువుగా ఒప్పుకోకండి, తర్వాతి అడుగు మొత్తం దీని మీదే.

లాటరీ. ఏదైనా శిక్షణకో ప్రయాణ సాయానికో చీటీ తీసి ఊళ్లను ఎంచి ఉంటే అంతకంటే మంచిది లేదు. అమెరికాలో వియత్నాం యుద్ధకాలపు సైనిక లాటరీని వాడి, సైన్యంలో పనిచేయడం తర్వాతి ఆదాయాన్ని ఎలా మార్చిందో 1990లో ఆంగ్రిస్ట్ లెక్కగట్టాడు. మన దగ్గర అలాంటివి అరుదు. దొరికితే మాత్రం వదలకండి.

భౌగోళిక రూపం కూడా ఒక వనరే. కొరాపుట్, మల్కాన్‌గిరి వైపు వాళ్లకు మాచ్‌ఖండ్, బలిమెల కళ్ల ముందే ఉన్నాయి. డ్యాము ఎక్కడ కట్టాలన్నది సర్కారు నిర్ణయం, కాబట్టి డ్యామున్న జిల్లానూ లేని జిల్లానూ నేరుగా పోల్చలేం. 2007లో డఫ్లో, పాండే ఇద్దరూ నది వాలును ఇన్‌స్ట్రుమెంట్‌గా తీసుకున్నారు. కొద్దిపాటి వాలు సాగునీటి డ్యాముకు అనుకూలం, బాగా నిటారైతే కరెంటు డ్యాముకు. డ్యాముకు దిగువనున్న జిల్లాల్లో పంట పెరిగిందని, డ్యాము కట్టిన జిల్లాలోనే పేదరికం పెరిగిందని వాళ్ల అధ్యయనం తేల్చింది. ముంపులో ఊళ్లు పోయిన ప్రాంతం వాళ్లకు ఆ ఫలితం వింతగా అనిపించదు.

4. మూడో షరతును పడగొట్టడానికి మీరే ప్రయత్నించండి

ఎక్కువ థీసిస్‌లు దీనికి ఒక్క పేరా ఇచ్చి వదిలేస్తాయి. నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది. పాత బంధం నుంచి పిల్లల చదువుకు వెళ్లే దారులన్నీ కాగితం మీద గీయండి. వలస మీదుగా పోయే దారి ఒకటి. మిగతావి ఏవి?

మొదటిది, ఆ ఊళ్లే ముందుగా ఎందుకు వెళ్లాయి? భూమి తక్కువ కాబట్టేనా? ఒక కరువు ఏడాది వల్లా? అయితే పాత బంధం పాత పేదరికానికి మారుపేరు మాత్రమే అవుతుంది. రెండోది, వలస డబ్బు వెళ్లిన ఇంటి దగ్గరే ఆగదు. ఊళ్లో మగ కూలీలు తగ్గితే మిగిలినవాళ్ల కూలి రేటు పెరుగుతుంది, ప్రైవేటు బడి తెరుచుకుంటుంది. వలస వెళ్లని ఇంటి చదువు ఖర్చు కూడా మారుతుంది. మూడోది, సూరత్‌లో పదో తరగతి లేకున్నా పని దొరుకుతుందన్న కబురు చదువు మీద ఆసక్తినే తగ్గించవచ్చు, ఆ ఇంటి నుంచి ఎవరూ వెళ్లకపోయినా సరే.

ఇప్పుడు పరీక్షలు.

వలసకు ముందటి తరాన్ని చూడండి. సూరత్ దారి తెరుచుకోకముందే బడి వయసు దాటినవాళ్ల చదువు, పాత బంధం ఉన్న ఊళ్లలోనూ లేని ఊళ్లలోనూ ఒకేలా ఉందా? తేడా కనిపిస్తే రెండు రకాల ఊళ్లు మొదటి నుంచీ వేరే. 1981 జనాభా లెక్కల్లోని ఊరివారీ అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీల సంఖ్యలు కూడా దీనికి పనికొస్తాయి.

ఆ తర్వాత, వలస వెళ్లే వీలే లేని ఇళ్లను చూడండి. తల్లిదండ్రులు చనిపోయి తాత, నాయనమ్మ, మనవళ్లు మాత్రమే మిగిలిన ఇల్లు, లేదా జీతం మీద బతికే బడి మాస్టారి ఇల్లు. పాత బంధం వలస ద్వారానే పనిచేస్తుంటే వీళ్ల చదువు ఖర్చులో తేడా ఉండకూడదు. ఉందంటే వలస కాని దారి ఏదో నడుస్తోందన్నమాట.

ఈ రకం పరీక్ష ఎంత పదునైనదో మన దేశపు డేటాతోనే రుజువైంది. వాన తక్కువైతే ఆదాయం తగ్గుతుంది, ఆదాయం తగ్గితే గొడవలు పెరుగుతాయన్న తర్కంతో వానను ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడటం 2004లో మిగెల్, సత్యనాథ్, సెర్జెంటి ఆఫ్రికా మీద చేసిన అధ్యయనంతో బాగా వ్యాపించింది. 2015లో హెదర్ సార్సన్స్ భారత జిల్లాలను తీసుకుని ఒక చిన్న ప్రశ్న వేసింది. డ్యాము నీళ్లు అందే దిగువ జిల్లాల్లో ఆదాయం వాన మీద అంతగా ఆధారపడదు. మరి అక్కడ వానకూ అల్లర్లకూ సంబంధం ఉండకూడదు కదా? ఉంది. అంటే వాన ఆదాయం మీదుగా కాక వేరే దారిలో కూడా అల్లర్లను తాకుతోంది. అంతగా వాడిన ఇన్‌స్ట్రుమెంట్‌కే ఇలా అయితే మన పాత బంధాన్ని ఎంత గట్టిగా పరీక్షించాలో ఆలోచించండి.

పరీక్షలు నెగ్గినా షరతు తీరిందని రుజువు కాదు, ఇంకా పడలేదు అంతే. థీసిస్‌లో అలాగే రాయండి.

5. డేటా: జిల్లా పేరు చూసి మోసపోకండి

1992 అక్టోబర్ 2న గంజాం నుంచి గజపతి విడిపోయింది. అదే రోజు కొరాపుట్ నుంచి రాయగడ, మల్కాన్‌గిరి, నవరంగ్‌పూర్ వేరయ్యాయి. 1991 లెక్కల గంజాం, 2001 లెక్కల గంజాం ఒకటి కావు. పాత హద్దులకు అన్నిటినీ తిరిగి కలిపి పోల్చాలి. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు ఊళ్లను కూడా తీసుకుంటే, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మారిన సంగతి గుర్తుంచుకోండి.

జాతీయ సర్వేల్లో వలస సమాచారం దొరుకుతుంది. జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 64వ విడతలోను, 2020-21 శ్రామిక శక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్)లోను ఆ ప్రశ్నలు అడిగారు. కానీ విడుదల చేసే డేటాలో ఊరి పేరు ఉండదు. పాత బంధం ఊరివారీ సంగతి కాబట్టి మీరే తిరిగి సర్వే చేయాలి. ఊరి పెద్దలను "మొదట వెళ్లింది ఎవరు, ఎప్పుడు" అని అడిగేటప్పుడు ఏడాది బదులు ఒక గుర్తుకు ముడిపెట్టి అడగండి, ఫలానా వాళ్ల పెళ్లికి ముందా, తర్వాతా అని. ఒకరితో ఆపకుండా ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడగండి. తెలుగు వీధి, ఒడియా వీధి వేరుగా ఉన్న ఊళ్లో రెండు చోట్లా అడగాలి, ఎందుకంటే బంధాలు వీధిని బట్టి సాగుతాయి.

6. చేత్తో ఒకసారి లెక్క చేయండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందు రెండు సగటులు తీయండి. పాత బంధం ఉన్న ఊళ్లలో నూటికి 40 ఇళ్ల నుంచి, లేని ఊళ్లలో 15 ఇళ్ల నుంచి వలస ఉంది. తేడా 25, అంటే 0.25. దీన్ని ఫస్ట్ స్టేజ్ అంటారు. ఇక చదువు ఖర్చు సగటు, వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ అందరినీ కలిపి: బంధం ఉన్న ఊళ్లలో 6,500, లేని ఊళ్లలో 5,500. తేడా 1,000. ఇది రెడ్యూస్డ్ ఫామ్.

ఊరి మొత్తం మీద కనిపించిన ఈ 1,000 రూపాయల తేడా అదనంగా వెళ్లిన పాతిక శాతం ఇళ్ల నుంచే వచ్చి ఉండాలి. కాబట్టి 1,000ని 0.25తో భాగిస్తే 4,000. వలస వల్ల పిల్లవాడి చదువు ఖర్చు 4,000 రూపాయలు పెరిగింది. మామూలు పోలిక 400 తగ్గిందని చెప్పింది. పేదరికం కిందికి లాగిందన్న మన రెండో అడుగు అనుమానం దీనితో సరిపోతోంది. సరిపోకపోతే కంగారుపడి కారణం వెతకండి.

7. బలహీనమైన ఇన్‌స్ట్రుమెంట్ ఎంత ప్రమాదమో చూడండి

ఒకవేళ వలసలో తేడా 25 శాతం కాక 2 శాతమే అయితే? అదే 1,000ని 0.02తో భాగిస్తే 50,000 వస్తుంది. ఏ పేద ఇల్లూ అంత ఖర్చు పెట్టదు. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి ఒకటుంది. పాత బంధం వేరే దారిలో చదువు ఖర్చును 200 రూపాయలు పెంచిందనుకోండి. బలమైన ఇన్‌స్ట్రుమెంట్‌తో దీనివల్ల వచ్చే తప్పు 800 రూపాయలు. బలహీనమైన దానితో 10,000. మూడో షరతులో చిన్న బీటను బలహీనత ఇలా పెంచేస్తుంది.

చదువు వల్ల ఆదాయం ఎంత పెరుగుతుందో లెక్కగట్టడానికి ఆంగ్రిస్ట్, క్రూగర్ తమ 1991 నాటి పేపర్‌లో, మనిషి ఏడాదిలో ఏ త్రైమాసికంలో పుట్టాడన్నదాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా తీసుకున్నారు. 1930లలో పుట్టినవాళ్ల నమూనాలోనే 3,29,509 మంది ఉన్నారు. అంత పెద్ద డేటాలో కూడా, త్రైమాసికాన్ని ఇష్టం వచ్చినట్టు కల్పించి పెట్టినా అంచనాలు చూడటానికి నమ్మదగినట్టే వస్తున్నాయని 1995లో బౌండ్, జేగర్, బేకర్ చూపించారు. కాబట్టి శాంపిల్ పెద్దదన్న ధైర్యం పనికిరాదు.

ఇన్‌స్ట్రుమెంట్ వలసను ఎంత బలంగా కదిలిస్తోందో చెప్పే ఫస్ట్ స్టేజ్ ఎఫ్ విలువ 10 దాటాలన్నది 1997 నాటి స్టైగర్, స్టాక్ పేపర్ నుంచి వాడుకలోకి వచ్చిన కొలమానం. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు ఫలితం కాకతాళీయం కాదని చెప్పడానికి వాడే మామూలు 1.96 హద్దును నిజంగా నమ్మాలంటే ఎఫ్ 104.7 దాకా ఉండాలని 2022లో లీ, మెక్రారీ, మొరైరా, పోర్టర్ చూపించారు. మన విద్యార్థుల సర్వేల్లో అంత ఎఫ్ రావడం కష్టం. రాకపోతే ఆండర్సన్, రూబిన్ 1949లో ఇచ్చిన విశ్వాస అంతరాన్ని, అంటే అసలు విలువ ఎంత నుంచి ఎంత మధ్య ఉండవచ్చో చెప్పే హద్దులను, వాడండి. ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా అది చెల్లుతుంది. అంతరం చాలా వెడల్పుగా వస్తే వెడల్పుగానే రాయండి.

8. సాఫ్ట్‌వేర్ దగ్గర

ఐవీ లెక్క రెండు దశల్లో నడుస్తుంది: మొదటి దశలో ఇన్‌స్ట్రుమెంట్‌తో వలసను అంచనా వేసి, రెండో దశలో ఆ అంచనాకూ చదువు ఖర్చుకూ సంబంధం చూస్తారు. ఆ రెండు దశలను విడివిడిగా చేతితో నడిపి, రెండో దశలో వచ్చిన స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలు) రాయకండి, అవి తప్పు. స్టాటాలోనూ ఆర్‌లోనూ ఈ రెండు దశల లెక్కకు, అంటే టూ స్టేజ్ లీస్ట్ స్క్వేర్స్‌కు, సొంత కమాండ్లు ఉన్నాయి. కంట్రోల్స్ (భూమి, కులం, తండ్రి చదువు లాంటి కలిపిన వివరాలు) రెండు దశల్లోనూ ఒకటే ఉండాలి. వలస అవునా కాదా అన్న విషయం కదా అని మొదటి దశకు ప్రోబిట్ (అవును, కాదు జవాబులకు వాడే మోడల్) వేసి, దాని అంచనాను రెండో దశలో నేరుగా పెట్టడం కూడా తప్పే.

పాత బంధం ఊరికి ఒకటే కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్లను ఊరివారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒక ఊరి ఇళ్లన్నిటినీ ఒక గుంపుగా లెక్కించాలి. వెయ్యి ఇళ్లు సర్వే చేశారు కానీ ఊళ్లు పదేనా? అయితే మీ బలం పది ఊళ్ల బలమే. ఒక్కో ఊళ్లో ఇళ్లు తగ్గించి ఎక్కువ ఊళ్లు తిరగండి.

9. ఆ 4,000 ఎవరిది?

అందరిదీ కాదు. 1994లో ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ స్పష్టం చేసిన విషయం ఇది (2021 నోబెల్‌లో సగం వీళ్లిద్దరికి, సగం కార్డ్‌కు వచ్చింది). బంధం లేని ఊళ్లలో కూడా వెళ్లే 15 శాతం ఇళ్లు ఎలాగైనా వెళ్తాయి. బంధం ఉన్నా వెళ్లని 60 శాతం ఎప్పుడూ వెళ్లవు. మధ్యలోని 25 శాతం, అంటే ఊరివాడు అక్కడున్నాడు కాబట్టి మాత్రమే బయలుదేరిన ఇళ్లు, వీళ్ల ప్రభావమే 4,000.

దీనికి ఇంకో షరతు కూడా కావాలి: బంధం వల్ల వలస మానుకున్న ఇళ్లు ఉండకూడదు. మగ్గాల మోత, పన్నెండు గంటల షిఫ్టు, జబ్బుపడి తిరిగొచ్చినవాళ్ల కథలు దగ్గర నుంచి విని కొడుకును పంపని తల్లులు ఉంటారు. సర్వేలో "ఎందుకు వెళ్లలేదు" అన్న ప్రశ్న తప్పక పెట్టండి. అలాంటివాళ్లు కొద్దిమందే అయితే అంచనా పెద్దగా చెడదు, ఎక్కువైతే 4,000కు అర్థం ఉండదు.

థీసిస్‌లో మామూలు పోలిక, ఫస్ట్ స్టేజ్, రెడ్యూస్డ్ ఫామ్, ఐవీ అంచనా, నాలుగూ పక్కపక్కన ఒకే టేబుల్‌లో పెట్టండి. దాని కిందే నాలుగో అడుగు పరీక్షల టేబుల్ ఉండాలి, అనుబంధంలో కాదు. అంచనా ఎవరికి వర్తిస్తుందో వాళ్ల గురించే రాయండి. అడ్వాన్సు తీసుకుని దాదన్ కింద ఇటుక బట్టీలకు కుటుంబంతో సహా వెళ్లే రాయగడ, గజపతి కొండ ఊళ్ల పిల్లలకు ఈ 4,000 వర్తించదు. వాళ్లు ఎలాగైనా వెళ్లేవాళ్లు, పిల్లలు కూడా వాళ్లతోనే వెళ్తారు. వాళ్ల చదువు సంగతి తేల్చాలంటే వాళ్ల వలసను కదిలించే ఇన్‌స్ట్రుమెంట్‌ను వేరేగా వెతికి, మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.